గ్రనోలా మెత్తబడటం వేరు, బాబు కడుపునొప్పి వేరు

విజయవాడ నుంచి ఒక తల్లి రాసిన పెద్ద ఉత్తరం ఇది. క్లుప్తంగా ఇస్తున్నాం.

ఆమె కొడుక్కి తొమ్మిదేళ్లు. ఎనిమిది నెలల కిందట సీలియాక్ వ్యాధి (గోధుమ, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బు) అని తేలింది. గోధుమ, మైదా, రవ్వ, బార్లీ మానేశారు. ఈ వ్యాధిని పట్టించే టీటీజీ అనే రక్తపరీక్షలో మొదట 200 దాటిన అంకె మొన్న 74కి వచ్చింది. బాబు బరువు కూడా పెరిగాడు. ఉదయం బడికి వెళ్లే హడావిడిలో రోజూ ఇడ్లీ, దోసె అంటే మొండికేస్తున్నాడని గ్రనోలా (పాకం పట్టించి కరకరలాడేలా వేయించిన ఓట్స్, గింజల మిశ్రమం) తెచ్చి పెడితే ఇష్టంగా తిన్నాడు. గ్లూటెన్ లేని రకం నాలుగు వందల గ్రాములు ఐదొందల పైమాట. అందుకని ఇంట్లోనే మొదలుపెట్టారు. మూడు కప్పుల మామూలు ఓట్స్, ఒక కప్పు కార్న్‌ఫ్లేక్స్, గుప్పెడు బాదం, కిస్మిస్, అరకప్పు తేనె, పావుకప్పు నెయ్యి అన్నీ ఒకేసారి కలిపి ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న ఓవెన్) 180 డిగ్రీల మీద పాతిక నిమిషాలు ఉంచారు. అంచులు మాడాయి, మధ్యలో మెత్తగా ఉంది. వేడి మీదే డబ్బాలో పోస్తే తెల్లారేసరికి మొత్తం మెత్తబడింది. రెండోసారి తేనె బదులు బెల్లం నీళ్లు పోస్తే ఇంకా ముద్దయింది. పైగా పాలతో ఇది తినడం మొదలుపెట్టిన పది రోజులకు బాబుకి కడుపుబ్బరం, విరేచనాలు. అత్తగారేమో "మన ఇళ్లలో ఎన్నడూ లేని రోగం ఇది, కాస్త గోధుమ తగిలితే ఏమవుతుంది" అంటారు. భర్త "ఇంట్లో అందరం గోధుమ మానేద్దాం, గొడవే ఉండదు" అంటున్నారు. ఐదేళ్ల కూతురు కూడా ఉంది. ఓట్స్ వాడొచ్చా, లేకపోతే దేనితో చేయాలి, కరకరలాడాలంటే ఏం చేయాలి, పెద్దావిడకి ఎలా చెప్పాలి: ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో రెండు సమస్యలు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. గ్రనోలా మెత్తబడటానికి కారణం మీ ఓటీజీలో, పాకంలో ఉంది. బాబు కడుపు బాగోకపోవడానికి కారణం మీరు కొన్న ప్యాకెట్లలో ఉండే అవకాశం ఎక్కువ. గ్రనోలా బాగా కుదిరినంత మాత్రాన రెండోది తగ్గదు. అందుకే ముందు కడుపు సంగతి.

200 నుంచి 74కి దిగిందంటే మీరు చేస్తున్నది పనిచేస్తోందనే అర్థం. ఈ అంకె మామూలు స్థాయికి రావడానికి చాలామంది పిల్లల్లో ఏడాది పడుతుంది, మొదట ఎక్కువగా ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ కాలం పట్టొచ్చు. కాబట్టి దాన్ని చూసి బెంగపడొద్దు. విరేచనాలు మాత్రం పట్టించుకోవాల్సిన విషయం. మీరు రాసిన దాంట్లో నాకు నాలుగు అనుమానాలు కనిపిస్తున్నాయి.

మొదటిది కార్న్‌ఫ్లేక్స్. పేరుకి మొక్కజొన్న అయినా, రుచి కోసం చాలా రకాల్లో బార్లీ మాల్ట్ కలుపుతారు. ప్యాకెట్ వెనక "మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్" అని ఉంటే అది బాబుకి పనికిరాదు. పాలలో ఏదైనా మాల్ట్ పొడి కూడా కలుపుతున్నారేమో చూడండి, వాటిలో బార్లీ, గోధుమ రెండూ ఉండటం మామూలే. రెండోది మామూలు ఓట్స్. మూడోది పాలు: సీలియాక్‌లో చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది, పాలలోని లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమ్ తయారయ్యేది అక్కడే. పొర కోలుకునే దాకా కొందరు పిల్లలకు పాలు పడవు, పెరుగు పడుతుంది. గ్రనోలాతో పాటు గిన్నెడు పాలు కూడా కొత్తగా మొదలయ్యాయా అన్నది మీకే తెలుసు. నాలుగోది పీచు. ఇడ్లీ తినే కడుపులోకి ఒక్కసారిగా ఓట్స్, గింజలు వెళితే ఉబ్బరం రావడం వింతేమీ కాదు.

ఈ నాలుగింటినీ ఒకేసారి ఆపితే ఏది కారణమో తెలియదు. అయితే మొదటి రెండింటి విషయంలో ప్రయోగాలు వద్దు, వాటిని ఈ రోజే ఆపేయండి. పాలు, పీచు మాత్రం ఒక్కొక్కటిగా వారం రోజులు మార్చి చూడొచ్చు. విరేచనాలు తగ్గకపోయినా, బరువు తగ్గినా గ్రనోలా సంగతి పక్కనపెట్టి గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇప్పుడు ఓట్స్. ఓట్స్‌లో గోధుమలో ఉండే గ్లూటెన్ ఉండదు. కానీ పొలంలో, లారీలో, మిల్లులో గోధుమ, బార్లీ గింజలు వాటిలో కలుస్తాయి. అటుకుల్లా నొక్కేశాక ఏది ఓట్, ఏది బార్లీ అన్నది కంటికి తెలియదు, ఏరినా కడిగినా పోదు. ఒక్క గోధుమ గింజ దాదాపు 40 మిల్లీగ్రాముల బరువుంటుంది, అందులో నాలుగు మిల్లీగ్రాముల దాకా గ్లూటెన్. సీలియాక్ ఉన్నవాళ్లలో చాలామందికి రోజుకి 10 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్‌తో హాని కనిపించదు. రోజూ 50 మిల్లీగ్రాములు చేరితే పేగు పొర దెబ్బతింటుందని పరీక్షల్లో తేలింది. కప్పు ఓట్స్‌లో మూడు గింజలు చాలు, పది దాటిపోతుంది.

"గ్లూటెన్ ఫ్రీ" అని రాసిన ఓట్స్ వేరు. మన దేశంలో ఆ మాట రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. అంటే 25 గ్రాముల ఓట్స్‌తో అర మిల్లీగ్రాము కూడా మించదు. ఇవి పిల్లలకు రోజుకి 20 నుంచి 25 గ్రాములకు మించకుండా, అదీ వ్యాధి అదుపులోకి వచ్చాక మొదలుపెట్టమని డాక్టర్లు చెబుతారు. ఎందుకంటే కొద్దిమందికి శుద్ధమైన ఓట్స్‌లోని ప్రోటీన్ కూడా పడదు. ఆస్ట్రేలియాలో అయితే ఓట్స్ మీద "గ్లూటెన్ ఫ్రీ" అని రాయడానికే వీల్లేదు. బాబు అంకె ఇంకా దిగుతూ ఉంది, కడుపు కూడా బాగాలేదు. కాబట్టి ఇప్పుడే ఓట్స్ పెడితే, రేపు ఏదైనా తేడా వస్తే కారణం ఓట్సో, ఇంకోటో తేల్చుకోలేరు. వచ్చే పరీక్ష దాకా ఆగి డాక్టరుని అడిగి మొదలుపెట్టడం ఒక దారి. అసలు ఓట్స్ ఊసు లేకుండా చేసుకోవడం రెండోది. నాకు రెండోదే తేలికగా కనిపిస్తోంది, ఎందుకంటే జొన్న మన దగ్గర పండే పంట, బాబుకి రుచి కొత్త కాదు.

జొన్న అటుకులు ఇప్పుడు కిరాణా కొట్లలోనూ దొరుకుతున్నాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ వీటిని జనంలోకి తెచ్చిన వాటిలో ఒకటి. అయితే జొన్న అని రాసి ఉంటే సరిపోదు. "మల్టీగ్రెయిన్" రకాల్లో తరచూ గోధుమ ఉంటుంది, కొన్ని వట్టి జొన్న ప్యాకెట్ల మీద కూడా "గోధుమ ఉండవచ్చు" అన్న చిన్న అక్షరాలు ఉంటాయి. గ్లూటెన్ ఫ్రీ గుర్తు ఉన్నదే తీసుకోండి. బాదం, గింజలు విడిగా తూచి ఇచ్చేవి కాకుండా ప్యాకెట్‌లో కొనండి. గోధుమరవ్వ తోడిన గరిటెతోనే గుమ్మడి గింజలు తోడే కొట్లు చాలా ఉన్నాయి. ఖర్జూరం ముక్కలు కోసినవి కొనొద్దు, అంటుకోకుండా వాటికి ఓట్స్ పిండి పూసే అలవాటు ఉంది. గింజ ఉన్న పండ్లు తెచ్చి ఇంట్లోనే కోసుకోండి.

ఇదిగో కొలతలు. జొన్న అటుకులు 220 గ్రాములు, మధ్యరకం వరి అటుకులు 80 గ్రాములు. మరీ పలచటివి మాడిపోతాయి, దొడ్డువి పాకం తగిలాక పంటికి రాళ్లలా తగులుతాయి. గుమ్మడి గింజలు 40, పొద్దుతిరుగుడు గింజలు 40, రెండు మూడు ముక్కలుగా కోసిన బాదం 50, పచ్చి వేరుశెనగలు 50, నువ్వులు 20, సన్నగా తరిగిన ఎండుకొబ్బరి 30 గ్రాములు. బెల్లం 100 గ్రాములు, నూనె 60 మిల్లీలీటర్లు, ఉప్పు అర టీస్పూను, యాలకుల పొడి, కాస్త దాల్చినచెక్క పొడి. చివర్లో కిస్మిస్ లేదా ఖర్జూరం 60 గ్రాములు. కప్పుల లెక్క వద్దు, తూకం వేయండి. జొన్న అటుకులు కంపెనీని బట్టి దళసరి, పలచన ఉంటాయి కాబట్టి కప్పుతో కొలిస్తే పాకం నిష్పత్తి తప్పుతుంది.

మీ రెండో ప్రయత్నం చెడింది పాకం దగ్గరే. బెల్లం నీళ్లలో నీరు ఎక్కువ. ఆ నీరంతా ఓవెన్‌లో ఆవిరయ్యేలోపు అటుకులు పీల్చేసుకుంటాయి. బెల్లంలో మూడు టేబుల్‌స్పూన్ల నీళ్లే పోసి కరిగించండి, ఇసుక ఉంటుంది కాబట్టి వడగట్టండి, మళ్లీ పొయ్యి మీద పెట్టి లేత తీగ పాకం వచ్చేదాకా ఉంచండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య చల్లారిన చుక్కని సాగదీస్తే పొట్టి తీగ వచ్చి తెగాలి, అంతే. ఉండ పాకం దాకా పోతే చిక్కీ అవుతుంది, అటుకులకు సమంగా పట్టదు. దించి నూనె, ఉప్పు, పొడులు కలిపి, కిస్మిస్ మినహా మిగతా వాటి మీద పోసి కలపండి. చల్లటి అటుకుల మీద పడగానే పాకం అక్కడక్కడ బిగుసుకుంటుంది. కంగారుపడి నీళ్లు చిలకరించొద్దు. ఓవెన్ వేడికి మళ్లీ కరిగి పరుచుకుంటుంది.

ఓటీజీని 150 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ముందే వేడి చేయండి. 180 ఎక్కువ. తేనెలోని చక్కెర త్వరగా రంగు మారుతుంది, అందుకే మీ అంచులు మాడేసరికి మధ్య భాగం ఇంకా ఆరలేదు. ట్రే మీద బటర్ పేపర్ వేసి, మందం సెంటీమీటరుకి కాస్త అటూ ఇటూ ఉండేలా పరచండి. చిన్న ఓటీజీ అయితే మొత్తం ఒకేసారి కుక్కకుండా రెండు వాయిలుగా చేయాల్సిందే. మందంగా పోస్తే కింద ఆవిరి చిక్కుకుని ఉడుకుతుంది, వేగదు. మధ్య అరలో పెట్టండి. పది నిమిషాలకు ఒకసారి, ఇరవైకి ఒకసారి కలపండి. కలిపేటప్పుడు అంచున ఉన్నవి మధ్యకి, మధ్యవి అంచుకి రావాలి, ట్రేని కూడా తిప్పి పెట్టండి. రెండోసారి కలిపాక చదునైన గిన్నె అడుగుతో గట్టిగా అదిమి, ఇక ముట్టుకోవద్దు. మొత్తం ముప్ఫై నుంచి ముప్ఫై అయిదు నిమిషాలు. కొబ్బరి అంచులు లేత బంగారు రంగుకి రాగానే ఆపేయాలి.

తీసిన వెంటనే చేత్తో పట్టుకుంటే మెత్తగానే ఉంటుంది. ఇక్కడే చాలామంది ఇంకా వేగలేదనుకుని మళ్లీ పెట్టి మాడ్చేస్తారు. కరకర వచ్చేది చల్లారేటప్పుడు, పాకం గట్టిపడి. ట్రేలోనే గంటసేపు కదపకుండా వదిలేయండి. అప్పుడు పలకలుగా విరుస్తే మీరు కొన్న ప్యాకెట్‌లో ఉన్నట్టు ముక్కలు వస్తాయి. పూర్తిగా చల్లారాకే కిస్మిస్ కలపాలి. ముందే వేస్తే అవి ఓవెన్‌లో ఉబ్బి, చల్లారాక గట్టిపడతాయి. వేడి మీద డబ్బాలో పోయడమే మీ మొదటి వాయిని చెడగొట్టింది. ఆవిరి మూత కింద నీరై మళ్లీ అటుకుల్లోకే దిగింది.

గాజు సీసాలో గాలి తగలకుండా పెడితే మూడు వారాలు బాగుంటుంది. మీ ఊరి వానాకాలంలో అన్ని రోజులు ఆశించొద్దు. మెత్తబడితే పారేయక్కర్లేదు, 150 డిగ్రీల మీద ఎనిమిది నిమిషాలు పెట్టి చల్లారిస్తే మళ్లీ కరకరలాడుతుంది (కిస్మిస్ ఏరేసి పెట్టండి). అవిసె పొడి కలపమని ఎవరైనా చెబుతారు. కలిపితే వారానికే ముక్కవాసన వస్తుంది. కావాలంటే ఏ పూటకాపూట చెంచాడు పొడి పైన చల్లుకోండి.

ఓటీజీలో గోధుమ, మైదాతో బ్రెడ్డు, కేకులు చేస్తూ ఉంటే ఇంకో దారి మూకుడు. అడుగు మందంగా ఉన్న మూకుడులో సన్నని సెగ మీద అటుకులు ఏడెనిమిది నిమిషాలు, వేరుశెనగలు, బాదం విడిగా, నువ్వులు, కొబ్బరి చివర్లో వేయించి, అన్నీ కలిపి, పాకం పోసి రెండు నిమిషాలు తిప్పి, పళ్లెంలో పరిచేయండి. ఇలా చేస్తే ముక్కలు కట్టడం తక్కువ, రంగు సమంగా రాదు. కానీ కరకరకి లోటుండదు, బాబు కోసం ఒక మూకుడు కేటాయిస్తే భయం కూడా ఉండదు.

ఆరోగ్యం సంగతి. పై కొలతలకు దాదాపు 730 గ్రాములు వస్తుంది, 40 గ్రాముల చొప్పున పద్దెనిమిది పూటలు. పూటకి 190 పైచిలుకు కేలరీలు, బెల్లం అయిదున్నర గ్రాములు, అంటే టీస్పూను కంటే కాస్త ఎక్కువ. గిన్నె నిండా పోసుకుంటే ఈ లెక్క రెండింతలు అవుతుంది. బెల్లంలో ఇనుము ఉందని చక్కెర లెక్క మరచిపోవద్దు, తేనె విషయంలోనూ అంతే. పైగా తేనె గాలిలోని తేమని బాగా పీలుస్తుంది. బెల్లం 60 గ్రాములకు తగ్గించొచ్చు. కరకర ఉంటుంది కానీ ముక్కలు కట్టదు, విడివిడిగా ఉంటుంది. గుడ్డు తినే ఇల్లయితే ఒక తెల్లసొన నురుగొచ్చేలా గిలక్కొట్టి కలిపితే తక్కువ బెల్లంతోనూ ముక్కలు వస్తాయి. నూనెని మాత్రం 30 మిల్లీలీటర్ల కంటే తగ్గించొద్దు. గింజలు చోటుచోట మాడి, అటుకులు పొడిపొడిగా నోటికి గరగరలాడతాయి. కడుపు కుదుటపడే దాకా పాలకు బదులు పెరుగుతో, మొదట రెండు చెంచాలతో మొదలుపెట్టండి.

గ్రనోలా శుద్ధంగా చేసినా వంటింట్లో మిగతా దారులు తెరిచి ఉంటే లాభం లేదు. మీరు రాయలేదు కానీ ఇంగువ చూడండి. పొడి ఇంగువలో మైదా కలపడం చాలా మామూలు, చారులో, పులిహోరలో, చట్నీలో రోజూ పడుతుంది. బియ్యప్పిండితో చేసిన రకాలు దొరుకుతాయి, లేదా బాబు వంటకాల్లో మానేయొచ్చు. జొన్నపిండి బయట పిండిమరలో పట్టిస్తుంటే ముందువాళ్ల గోధుమపిండి అందులోకి వస్తుంది. స్టీలు గిన్నెలు సబ్బుతో కడిగితే చాలు. జల్లెడ, చెక్క గరిటె, అప్పడాల పీట, కర్ర వేరుగా ఉంచాలి, వాటి సందుల్లోంచి పిండి పోదు.

అత్తగారి మాటకి వద్దాం. ఆవిడకి బాబు మీద ప్రేమ లేక కాదు, "కాస్త" అంటే ఎంతో తెలియక. చపాతీ వత్తాక గట్టు మీద మిగిలే పొడిపిండి చిటికెడు తూస్తే అర గ్రాము ఉంటుంది. అందులో నలభై, యాభై మిల్లీగ్రాముల గ్లూటెన్. రోజూ అంత చేరితే పేగు పొర దెబ్బతింటుందని పైన చెప్పింది దాదాపు ఈ మోతాదే. మీరు చెబితే కోడలి చాదస్తంలా వినిపించొచ్చు. వచ్చేసారి డాక్టరు దగ్గరికి ఆవిడని తీసుకెళ్లి ఆ ప్రశ్న ఆవిడనే అడగనివ్వండి. పోట్లాటకి దిగితే ఆవిడ మీ కళ్లెదుట సరేనని, మీరు లేనప్పుడు బిస్కెట్ పెట్టే ప్రమాదం ఉంది. ఇంకో మాట: సంక్రాంతికి అరిసెలు చేసిన చేతులకి పాకం చూడటం ఎవరూ నేర్పక్కర్లేదు. గ్రనోలా పాకం ఆవిడకి అప్పగించండి. వంటలో చెయ్యి ఉన్న మనిషి అందులో ఏం పడుతోందో కాపలా కూడా కాస్తుంది.

మీవారు చెప్పినట్టు ఇల్లంతా గోధుమ మానేయడం తప్పు కాదు. పాత్రల గొడవ తగ్గుతుంది, బాబుకి వేరుగా పెట్టారన్న బాధ ఉండదు. ఖర్చు పెరుగుతుంది, పెద్దవాళ్లు బయట తినడం మొదలుపెడతారు. కానీ ఆ పని చేసేముందు మీ పాపకి, మీ ఇద్దరికీ టీటీజీ పరీక్ష చేయించండి. ఈ వ్యాధి కుటుంబంలో నడుస్తుంది. తోబుట్టువుల్లో, తల్లిదండ్రుల్లో పదిమందిలో ఒకరి దాకా ఉండొచ్చు, లక్షణాలేవీ లేకుండా కూడా. గోధుమ మానేసిన కొన్ని నెలలకు ఆ పరీక్ష వ్యాధి ఉన్నా లేనట్టే చూపించొచ్చు. అందుకే పాప చపాతీ తింటున్న ఈ రోజుల్లోనే రక్తం ఇప్పించండి. ఆ ఫలితం చేతికొచ్చాక గోధుమ డబ్బా ఉంచాలా తీసేయాలా అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి.